పెరటి కంచె ఎవరి ఖర్చు? చీమకుర్తి దారిలో ఒక చరిత్ర పాఠం

మీ ఇంటికి పెరడు ఉంటే, ఈ పాఠం చదవడానికి ముందు ఒకసారి వెళ్ళి దాని కంచె చూసి రండి. దేనితో కట్టారు? ఎంత ఎత్తు ఉంది? అడుగున ఎంత సందు ఉంది? ఎవరు కట్టారు? ఏ జంతువు రాకూడదని కట్టారు? జవాబులు నోటు పుస్తకంలో రాసిపెట్టుకోండి. పాఠం చివర వాటితో పని ఉంది.

చరిత్ర అనగానే మనకు కోటలు, శాసనాలు, యుద్ధాలు గుర్తుకు వస్తాయి. కంచె గుర్తుకు రాదు. అందుకు ఒక కారణం ఉంది. ముళ్ళకంపతో వేసిన కంచె ఏడాది కంటే ఎక్కువ నిలవదు. చెదలు తింటుంది, వానకు కుళ్ళుతుంది, మిగిలింది పొయ్యిలోకి పోతుంది. మన ప్రాచీన దానశాసనాల్లో భూముల ఎల్లలు చెప్పేటప్పుడు చెట్టు, పుట్ట, రాయి, దారి, చెరువుకట్ట వంటివి కనిపిస్తాయి గాని కంచె అరుదు. ఏటేటా మారే వస్తువును ఎవరూ ఎల్లగా రాయించుకోరు కదా. అందువల్ల కంచె చరిత్రను రాతల్లో కంటే మాటల్లోనూ, చట్టాల్లోనూ, నేల మీద కనిపించే వస్తువుల్లోనూ వెతకాలి.

ముందు మాటలు చూద్దాం. కంచె అనే పదం అందరికీ తెలుసు. తెలంగాణలో ‘కంచ’ అంటే చుట్టూ హద్దు పెట్టి గడ్డి కోసం కాపాడుకున్న బీడు. ఊళ్ళ పేర్లలో ఆ మాట నేటికీ నిలిచి ఉంది. అంటే ఒకే మాట అడ్డుకునే గోడకూ, ఆ గోడ లోపలి నేలకూ పేరైంది. ‘వెలుగు’ అనే మాటకు కాంతి అనే అర్థం ఒక్కటే నేటి పిల్లలకు తెలుసు. పాత నిఘంటువులు తీసి చూడండి, కంచె అనే అర్థం కూడా ఉంటుంది. ‘దడి’ ఆకులతో, మట్టలతో, పుల్లలతో అల్లింది. ‘కంప’ ముళ్ళది. ఇన్ని మాటలు ఉన్నాయంటే ఇన్ని పనులు ఉన్నాయని అర్థం. ఆ పని చేసిన చేతుల గురించి తరువాత మాట్లాడుకుందాం.

ఒంగోలు నుంచి నల్లమల దాటి

చీరాల, ఒంగోలు సముద్రతీరపు ఇసుక నేలల్లో తాటిచెట్టు ఉంది గనుక అక్కడి పెరటికి తాటాకు దడి, తాటిమట్టల దడి కట్టారు. ఒంగోలు నుంచి కర్నూలు రోడ్డు పట్టుకొని పడమటికి వస్తే నేల మారుతుంది. చీమకుర్తి చేరేసరికి రాయి పైకి వస్తుంది. నల్లటి రాతిలో బంగారు చుక్కలు మెరిసే గెలాక్సీ గ్రానైటు ఇక్కడిదే. 1980ల తరువాత క్వారీలు పెరిగి, ఊరి పేరు ప్రపంచమంతటా తెలిసింది. పనికిరాని ముక్కలు గుట్టలుగా పడ్డాయి. గ్రానైటు దొరికే చోట పెరటికి రాయి పేర్చుకోవడం పెద్ద ఖర్చు కాదు. రాతిని నిలువుగా చీల్చి పాతే స్తంభాలను కొన్నిచోట్ల కూసాలు అంటారు, తెలంగాణలో కడీలు అంటారు. ఇంకా పడమటికి పొదిలి దాటి మార్కాపురం వెళితే పలకరాయి దొరికే సీమ. ఉత్తరాన పల్నాటి నాపరాళ్ళ ప్రాంతంలో బండలను నిలువునా పక్కపక్కనే పాతి కంచెగా నిలబెడతారు. పెద్దదోర్నాల దగ్గర నల్లమల మొదలవుతుంది, అక్కడ మళ్ళీ కర్ర, వెదురు, కంప.

ఈ దారి మీద పరిశోధన చేయదలచిన విద్యార్థికి ఒక హెచ్చరిక. ఒంగోలు తాలూకా 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా నెల్లూరు జిల్లాలో ఉండేది. పొదిలి, దర్శి 1970 దాకా నెల్లూరులోనే ఉన్నాయి. మార్కాపురం కర్నూలు జిల్లాది. 1970లో ఈ మూడు జిల్లాల ముక్కలు కలిపి ఒంగోలు జిల్లా చేశారు, 1972లో ప్రకాశం అని పేరు పెట్టారు. కాబట్టి ఒకే రోడ్డు పక్కన ఉన్న ఊళ్ళ పాత కాగితాలు మూడు జిల్లాల దస్త్రాల్లో ఉంటాయి. జంతువులకు మాత్రం జిల్లా హద్దులు ఎన్నడూ లేవు.

ఏ జింక?

జింక అనే మాట మనం మూడు నాలుగు జంతువులకు వాడతాం. దుప్పి (ఒంటి మీద తెల్లచుక్కలు ఉండేది), కణితి రెండూ అడవిని ఆశ్రయించేవి. నల్లమలలో ఉంటాయి. వీటి కొమ్ములు కొమ్మలు వేస్తాయి, రాలిపోయి మళ్ళీ మొలుస్తాయి. కృష్ణజింక వేరు. దాని కొమ్ములు మెలికలు తిరిగి ఉంటాయి, రాలవు. శాస్త్రరీత్యా అది దుప్పి కుటుంబానికి చెందింది కాదు. అడవిలో దాక్కోదు, బయలు మైదానంలో గడ్డి మేస్తుంది. గడ్డి మైదానాన్ని దున్ని చేను చేసింది మనిషే గనుక, కృష్ణజింక దృష్టిలో చేను కూడా పాత మేతబీడే. ఆంధ్రప్రదేశ్ తన రాష్ట్ర జంతువుగా కృష్ణజింకను ఉంచుకుంది, 2014 తరువాత తెలంగాణ చుక్కల జింకను ఎంచుకుంది. రెండు రాష్ట్రాల చిహ్నాలూ రైతు చేలో మేసేవే కావడం గమనించదగిన విషయం.

మీరు పెరట్లో వేసుకునే చిక్కుడు, బెండ, తోటకూర, మిరప నారు ఇవన్నీ లేత ఆకులు. జింక చేను మేస్తే కొంత పోతుంది, కొంత మిగులుతుంది. పెరడు చిన్నది, ఒక్క రాత్రిలో ఖాళీ అవుతుంది. అడవిపంది అయితే తినేదాని కంటే తవ్వి పాడుచేసేది ఎక్కువ.

ఎత్తు గురించి రెండు చట్టాలు

మనుధర్మశాస్త్రం ఎనిమిదో అధ్యాయంలో పొలం కంచె ప్రస్తావన ఉంది. ఒంటె మెడ చాచినా లోపలికి చూడలేనంత ఎత్తుగా కంచె ఉండాలనీ, కుక్కగాని పందిగాని తల దూర్చగల సందు ఏదీ లేకుండా మూయాలనీ దాని భావం. ఊరి మేతబీడు పక్కన కంచె లేని పంటను పశువులు తింటే కాపరిని శిక్షించకూడదని కూడా చెబుతుంది. కౌటిల్యుడి అర్థశాస్త్రం మూడో భాగంలోనూ బీడు, పొలం, దారుల నష్టాల మీద ఒక అధ్యాయం ఉంది. శాస్త్రం చెప్పినంత మాత్రాన ఊళ్ళో అలాగే జరిగిందని మీరు రాయకూడదు. అయితే ఆలోచన మాత్రం స్పష్టం: కంచె వేయడం పొలం యజమాని బాధ్యత. కంచె వేశాక కూడా నష్టం జరిగితే పశువు యజమాని బాధ్యత.

దీని పక్కన ఇంగ్లండు చట్టం పెట్టి చూడండి. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించిన తరువాత రాజులు విశాలమైన ప్రాంతాలను ‘రాజు అడవులు’గా ప్రకటించారు. ఆ హద్దుల్లో ఊళ్ళు, చేలు కూడా ఉండేవి. రాజు వేటాడే దుప్పుల కోసం ప్రత్యేక చట్టం. అక్కడ కొత్తగా సాగుచేసిన భూమికి చిన్న కందకం, పొట్టి కంచె మాత్రమే వేసుకోవాలి. దుప్పీ దాని పిల్లా లోపలికి రాగలిగేలా ఉండాలి. దుప్పిని చంపినవాడికి ప్రాణదండన, అంగచ్ఛేదం ఉండేవి. 1217 నాటి అడవుల చార్టరు ఆ శిక్షలను తొలగించింది. మన శాస్త్రం ఎత్తుగా కట్టమంది, వాళ్ళ చట్టం ఎత్తుగా కట్టవద్దంది. మొదటి చట్టం మనసులో ఉన్నది ఊరి పశువు. రెండో చట్టం మనసులో ఉన్నది రాజుగారి జంతువు. కంచె ఎత్తు ఎంత ఉండాలన్న ప్రశ్న వెనక ఆ జంతువు ఎవరిది అన్న ప్రశ్న ఉంటుందని ఈ పోలిక తెలియజేస్తుంది.

ఇక్కడ చిన్న పక్కదారి. జింక దూకే ముందు అవతల దిగే చోటు చూసుకుంటుంది. అవతల ఏముందో కనబడకపోతే వెనకాడుతుంది. అందుకే అమెరికాలో పెరటికి వల కంచె వేసేవారు 8 అడుగుల ఎత్తు కావాలంటారు గాని, అవతల కనబడని తడికె అయితే అంత ఎత్తు లేకున్నా పనిచేస్తుంది. మన తాటాకు దడి ఆ తరహాదే. నేడు పొలాల చుట్టూ పాత చీరలు కట్టడం మీరు చూసే ఉంటారు. ఆ చీరలు గాలికి కదిలి బెదిరిస్తాయని అందరూ చెబుతారు. చూపును అడ్డుకోవడం కూడా వాటి పనే. ముళ్ళతీగ సంగతి వేరు. 1874లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో జోసెఫ్ గ్లిడెన్ పేటెంటు తీసుకున్న ఆ తీగ పశువుల మందలను ఆపడానికి పుట్టింది. నాలుగు వరసల ముళ్ళతీగను దుప్పి పైనుంచి దూకుతుంది, కృష్ణజింక చాలాసార్లు తీగల మధ్యనుంచి దూరుతుంది, పంది కింద నుంచి వస్తుంది. అయినా బజారులో సులువుగా దొరుకుతుందని మనం అదే కొంటాం.

బందెలదొడ్డి

ఆంగ్ల ప్రభుత్వం 1871లో పశువుల అక్రమ ప్రవేశ చట్టం చేసింది. తన పంటలో పడిన పశువును రైతు పట్టుకొని 24 గంటల్లోగా బందెలదొడ్డికి పంపవచ్చు. యజమాని జరిమానా, మేత ఖర్చు కట్టి విడిపించుకోవాలి. పూర్వం ఊరి పెద్దలు తేల్చే తగవు ఇప్పుడు రసీదుగా మారింది. మీ ఊళ్ళో పాత బందెలదొడ్డి గోడలు ఇంకా ఉండవచ్చు.

పదకొండేళ్ళకు, 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. కొండలు, చిట్టడవులు ‘రిజర్వు’ అయ్యాయి. అప్పటిదాకా కొడవలి, పంగలకర్ర పట్టుకొని వెళ్ళి కంప కొట్టి తెచ్చుకున్న మనిషి ఇప్పుడు పర్మిట్ అడగాలి, రుసుము కట్టాలి. కంచెకు కావలసిన కంప, నాగలికి కావలసిన కర్ర, పశువుకు కావలసిన గడ్డి, అన్నీ ఒకే హద్దు అవతల పడ్డాయి. ఆ హద్దుకు కంచె లేదు. అక్కడక్కడ గట్టురాళ్ళు, మిగతాది కాగితం మీద గీత. గీత దాటిన పశువులకు కూడా బందెలదొడ్డే గతి. రైతుల ఫిర్యాదులు ఎక్కువై మద్రాసు ప్రభుత్వం 1912-13లో అటవీ కమిటీని వేయవలసి వచ్చింది. పల్నాడులో 1921లో పుల్లరి కట్టబోమని రైతులు తిరగబడ్డారు, 1922 ఫిబ్రవరిలో మించాలపాడులో కన్నెగంటి హనుమంతు పోలీసు కాల్పుల్లో మరణించాడు. ఆ పోరాటాన్ని మీరు జాతీయోద్యమ పాఠంలో చదివారు. దాన్ని కంచె వైపు నుంచి కూడా చదవండి. రైతు ఆవు గీత దాటి అడవిలోకి పోతే నేరం. అడవి దుప్పి అదే గీత దాటి చేలోకి వస్తే ఆ దుప్పిని తోలడానికి ఏ దొడ్డీ లేదు, జరిమానా కట్టే యజమానీ లేడు.

ఆ రాత్రి కాపలా ఎవరిది? మంచె మీద కూర్చొని, వడిసెల తిప్పి, డబ్బా కొట్టి, నెగడు వేసి కాసినవాళ్ళలో పిల్లలు, ఆడవాళ్ళు, పాలేర్లు ఎక్కువ. కంప కొట్టి మోసి కంచె వేసిన చేతులూ చాలావరకు భూమి లేనివారివే. భూస్వామి లెక్కల్లో కంచెకు ఖర్చు చాలా తక్కువగా కనిపిస్తే, ఆ పని చాలాచోట్ల వెట్టిగా జరిగిందని అనుమానించండి. ఈ కాపలా శ్రమను చరిత్రకారులు తగినంతగా పట్టించుకోలేదని నా అభిప్రాయం. నేను కూడా ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ శిస్తు లెక్కలు చూశాను గాని మంచె వైపు చూడలేదు.

సర్కారు తుమ్మ

చీమకుర్తి ప్రాంతంలో ఏ పెద్దమనిషినైనా కంచెకు ఏం వాడతారని అడిగితే చిల్లకంప అంటాడు. చిల్లచెట్టు, సర్కారు తుమ్మ, ఇంగ్లీషు తుమ్మ, అన్నీ ఒకే మొక్క పేర్లు. ఇది మన దేశపు చెట్టు కాదు. అమెరికా ఖండం నుంచి 1870లలో మద్రాసు రాష్ట్రానికి తెప్పించారు. 1877లో కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో నాటినట్లు అటవీ గ్రంథాలు చెబుతాయి. ఎండిన నేలల్లో వంటచెరకు కోసం తెచ్చారు. దాని కాయలు తీపిగా ఉంటాయి, పశువులు తింటాయి, పేడలో గింజలు మొలుస్తాయి. చెరువు పోరంబోకు, రోడ్డు అంచు, బీడు, వాగు గట్టు అన్నీ ఆక్రమించింది. అడవి కంపకు పర్మిట్ అడిగే కాలంలో పర్మిట్ అక్కరలేని కంప ఇంటి ముందుకే వచ్చింది. పేదవాడి పెరటికీ, పొయ్యికీ అదే ఆధారమైంది. ‘సర్కారు’ అని జనం పేరు పెట్టడంలో వెటకారం ఎంతో, కృతజ్ఞత ఎంతో చెప్పలేం.

దీనికి ముందు నాగజెముడు కథ ఒకటి ఉంది. అదీ అమెరికాదే. 18వ శతాబ్దం చివర మద్రాసులో కంపెనీ వైద్యుడు జేమ్స్ ఆండర్సన్ ఎర్రరంగు ఇచ్చే కాచినీల్ పురుగును పెంచాలని జెముడు తోట వేశాడు. రంగు వ్యాపారం నిలవలేదు. జెముడు జాతులు మాత్రం నిలిచాయి. చేల గట్ల మీద, ఇళ్ళ చుట్టూ కంచెగా నాటుకున్న నాగజెముడు క్రమంగా బీళ్ళను కమ్మేసి పెద్ద బెడదగా మారింది. చివరకు 1926లో శ్రీలంక నుంచి ఇంకో జాతి కాచినీల్ పురుగును తెచ్చి వదిలితే కొన్నేళ్ళలో దక్షిణాదిన చాలాచోట్ల అణిగిపోయింది. పురుగు కోసం మొక్కను తెచ్చి, ఆ మొక్క కోసం మళ్ళీ పురుగును తెచ్చారన్నమాట.

సర్కారు తుమ్మకు అలాంటి పురుగు దొరకలేదు. అడవిపంది పగలు దాక్కోవడానికి అడవి కావాలి. నల్లమల దాకా పోనక్కరలేకుండా ఊరి చెరువు వెనక చిల్లకంప గుబురే దానికి అడవి అయింది. కంచె కోసం వాడే చెట్టు కంచె దాటే జంతువుకు ఇల్లయింది. కంచే చేను మేసినట్లు అన్న సామెతను ఎన్నో సందర్భాల్లో వాడతాం గాని, ఇక్కడ అది అక్షరాలా నిజం.

1972 తరువాత

1912లో కేంద్ర స్థాయిలో చేసిన వన్యపక్షి, జంతు రక్షణ చట్టం కొన్ని జంతువుల వేటకు కాలపరిమితులు పెట్టింది గాని, ఆస్తిని కాపాడుకోవడానికి సదుద్దేశంతో చంపితే వర్తించదని మినహాయింపు ఇచ్చింది. 1959 ఆయుధాల చట్టంలో కూడా పంట రక్షణకు నాటు తుపాకీ లైసెన్సు ప్రస్తావన ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ తలుపు మూసింది. ప్రాణరక్షణకు మినహాయింపు మిగిలింది, పంట రక్షణకు లేదు. కృష్ణజింక మొదటి షెడ్యూలులో ఉంది. అది పంట తింటుందన్నది దాన్ని చంపడానికి అనుమతి ఇచ్చే కారణం కాదు. దుప్పి, అడవిపంది 2022 సవరణ తరువాత రెండో షెడ్యూలులో ఉన్నాయి. వాటి విషయంలో పంట నష్టం కారణంగా వన్యప్రాణి ముఖ్య సంరక్షకుడు అనుమతి ఇవ్వవచ్చు. ఆ అనుమతి ఇంటి పెరటి దాకా రావడం ఎంత కష్టమో మీరే ఊహించండి. వేటాడబడిన, లేదా చచ్చి దొరికిన వన్యజంతువు ప్రభుత్వపు ఆస్తి అని కూడా ఆ చట్టం అంటుంది. బతికి ఉండగా అది తిన్న తీగల లెక్క మాత్రం ఎవరి ఖాతాలోనూ లేదు.

ఈ చట్టం తప్పు అని నేను అనడం లేదు. జీపుల్లో తిరుగుతూ తుపాకులతో కృష్ణజింకను చాలాచోట్ల తుడిచిపెట్టిన తరం నుంచి అది వచ్చింది. అది లేకపోతే నేడు మనం ఈ పాఠం అవసరం లేకుండానే ఉండేవాళ్ళం. కాని రక్షణకు అయ్యే ఖర్చు ఎవరు భరించాలన్న ప్రశ్న చట్టంలో లేదు. కర్నూలు రోడ్డు మీదే ఇంకా ముందుకు వెళ్ళి నల్లమల దాటితే, నందికొట్కూరు వైపు రోళ్ళపాడు వస్తుంది. బట్టమేక పిట్ట కోసం 1988లో అక్కడ అభయారణ్యం ఏర్పరిచారు. గడ్డి పెరగాలని కొంత నేలను పశువులు రాకుండా కాపాడారు. గడ్డి పెరిగింది, కృష్ణజింకలు పెరిగాయి, అవి చుట్టూ ఉన్న చేలకు వచ్చాయి, రైతులకు పిట్ట మీద కూడా కోపం వచ్చింది. పిట్ట కనబడటం మానేసింది. జింక మిగిలింది. లోపల ప్రభుత్వం పశువును ఆపింది, బయట రైతు జింకను ఆపుకోవలసి వచ్చింది.

పంట నష్టానికి పరిహారం ఇచ్చే పద్ధతి ఉంది. అది సాధారణంగా ఎకరాల లెక్కలో ఉంటుంది. నాలుగు బీర పాదులు, ఒక చిక్కుడు పందిరి, రెండు మళ్ళ తోటకూర ఏ ఎకరంలోకి వస్తాయి? ఆ పెరడు చాలా ఇళ్ళలో ఆడవాళ్ళ చేతిలో ఉంటుంది, కూర ఖర్చు తప్పించేది అదే. పత్తి, మిరప చేలకు సబ్సిడీ సోలార్ కంచెల మాట వినబడుతుంది గాని పెరటికి వినబడదు. సోలార్ కంచె క్షణకాలపు దెబ్బ కొట్టి వదిలేస్తుంది, చంపదు. ఇంటి కరెంటు నేరుగా తీగకు కలపడం దానికి పూర్తిగా భిన్నం. అది చట్టవిరుద్ధం, జంతువునే కాదు పక్కింటి మనిషిని కూడా చంపుతుంది. వ్యవసాయ శాస్త్రవేత్తలు చేను చుట్టూ ముళ్ళ కుసుమ, ఆముదం వరసలు వేయమని సూచిస్తున్నారు. అడవిపందికి అవి నచ్చవు. చుట్టూ ఆముదం వేసే అలవాటు మన పెద్దలకు కొత్త కాదు.

అసైన్‌మెంటు

మొదట్లో రాసుకున్న అయిదు జవాబులు తీయండి. మీ వీధిలో పది పెరళ్ళు చూసి అవే ప్రశ్నలు అడగండి. కంచె ఖర్చు రూపాయల్లో ఎంత, రోజుల పనిలో ఎంత, ఆ పని ఇంట్లో ఎవరు చేశారు అన్నవి విడిగా రాయండి. అరవై దాటిన ఒకరిని కలిసి, వారి చిన్నతనంలో కంప ఎక్కడి నుంచి తెచ్చేవారో, ఎవరైనా అడ్డుకున్నారో, మంచె మీద ఎవరు పడుకునేవారో తెలుసుకోండి. ఊరి బందెలదొడ్డి ఎక్కడ ఉండేదో, ఆ స్థలంలో ఇప్పుడు ఏముందో చూసి ఒక చిన్న పటం గీయండి. మూడు పుటలకు మించకుండా రాసి సంపర్క తరగతికి తీసుకురండి.